పుస్తెలతాడు లాక్కుపోతే స్టేషనులో 'పోయింది' అని రాశారు

ప్రశ్న:

"నా వయసు 46. హైదరాబాద్ శివార్లలో ఉంటాం. ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేస్తున్నాను. తొమ్మిది రోజుల కిందట రాత్రి ఎనిమిదిన్నరకు బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే వెనక నుంచి బైకు మీద ఇద్దరు వచ్చారు. వెనక కూర్చున్నవాడు భుజం పట్టి తోసి, మెడలోని మూడు తులాల పుస్తెలతాడు లాగాడు. సగం వాడి చేతికి పోయింది, సగం నా చేతిలో మిగిలింది. మెడ కోసుకుపోయింది. కిందపడ్డప్పుడు జారిన హ్యాండ్‌బ్యాగు కూడా పట్టుకుపోయారు. అందులో ఫోను, ఫోను కవరులో ఏటీఎం కార్డు ఉన్నాయి. తెల్లారేసరికి ఖాతాలోంచి 4,800 రూపాయలు పోయాయి. ఆ సాయంత్రమే బ్యాంకుకు చెప్పాను. పోలీసు స్టేషనులో 'గొలుసు, ఫోను పోయినవి' అని కాగితం రాయించుకొని ముద్ర వేసి ఇచ్చారు. ఎఫ్‌ఐఆర్ అడిగితే 'చూద్దాం' అన్నారు.

కాలనీలో అందరూ పక్క బస్తీవాళ్ల పనే అంటున్నారు. మా ఇంట్లో పనిచేసే ఆమె కొడుకు ఈమధ్యే కొత్త బైకు కొన్నాడు, ఆ అబ్బాయి పేరు ఇవ్వమంటున్నారు. రాత్రి ఏడు దాటాక బస్తీవాళ్లను కాలనీ రోడ్డు మీదికి రానివ్వకూడదని సంఘం తీర్మానం చేసింది. మా అబ్బాయి 'ఎదురు తిరగాల్సింది' అంటాడు. మా అమ్మాయేమో 'లేనివాళ్లు చేస్తారు, ఉన్నవాళ్లం సర్దుకోవాలి, కేసు వద్దు' అంటుంది. ఏది సరి? మిగిలిన గొలుసు ముక్క మార్చి కొత్తది చేయించుకోవచ్చా?"

సమాధానం:

అమ్మా, ముందు ఆ ముద్ర వేసిన కాగితం సంగతి చూద్దాం. మీ కేసుకు ఇప్పటివరకు జరిగిన పెద్ద నష్టం అందులోని 'పోయినవి' అన్న మాటే.

వస్తువు పోవడం, దొంగతనం, లాక్కుపోవడం, దోపిడీ. చట్టంలో ఈ నాలుగూ నాలుగు దారులు. 'పోయింది' అంటే నేరమే లేదు, దర్యాప్తూ ఉండదు. దొంగతనం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303 కిందికి వస్తుంది. లాక్కుపోవడానికి 2024 జూలై 1 నుంచి విడిగా 304వ సెక్షన్ ఉంది: హఠాత్తుగా, వేగంగా లేదా బలవంతంగా మనిషి దగ్గర్నుంచి వస్తువు గుంజుకోవడం. దీనికి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ గుంజుకోవడం కోసం కావాలని గాయపరిచినా, కదలకుండా అడ్డుకున్నా, అక్కడికక్కడే గాయపరుస్తామని భయపెట్టినా అది 309 కింద దోపిడీ అవుతుంది. శిక్ష పదేళ్ల దాకా ఉంటుంది. మిమ్మల్ని భుజం పట్టి తోశారు, మెడ కోసుకుపోయింది. ఏ సెక్షన్ పెట్టాలో మీరు చెప్పనక్కర్లేదు, అది వాళ్ల పని, చివరికి కోర్టు పని. తోసిన సంగతి, గాయమైన సంగతి మాత్రం మీ ఫిర్యాదులో ఉండాలి. అవి లేకపోతే 309 గురించి ఆలోచించడానికి ఆధారమే ఉండదు.

దీనివల్ల మరో తేడా కూడా వస్తుంది. మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో ఎఫ్‌ఐఆర్ కట్టే ముందు 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ చేసుకునే వెసులుబాటు పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 173(3)లో పోలీసులకు ఉంది. దానికి డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి కావాలి. కాబట్టి 'చూద్దాం' అన్నప్పుడు మర్యాదగానే అడగండి: "ప్రాథమిక విచారణ పెట్టారా సార్, అనుమతి ఏ తేదీన తీసుకున్నారు?" ఈ ప్రశ్నకు సమాధానం లేకపోతే అది విచారణ కాదు, పక్కన పడేయడం. దోపిడీకి శిక్ష పదేళ్ల దాకా కాబట్టి ఆ వెసులుబాటు వర్తించదు.

మీ ఇంట్లో పనిచేసే ఆమెకే ఇది జరిగిందనుకోండి. చేతిలో నాలుగు వేలు చేసే పాత ఫోను. దాన్ని మామూలు దొంగతనంగా రాస్తే, విలువ 5,000 లోపు కాబట్టి, వస్తువో దాని విలువో తిరిగిచ్చిన తొలిసారి నేరస్థుడికి శిక్ష సమాజసేవ. పైగా చట్టం ఆ కోవను మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల్లో చేర్చింది. అదే ఫోను 'చేతిలోంచి గుంజుకుపోయారు' అని రాస్తే 304. అక్కడ విలువ పరిమితి లేదు. అంటే ధనికుడి ఖరీదైన ఫోను ఏ మాటతో రాసినా దర్యాప్తుకు దారి ఉంటుంది. పేదవాడి ఫోనుకు మాత్రం ఆ ఒక్క క్రియాపదమే దిక్కు. రాయడం రాని మనిషి స్టేషనులో రైటరు ఏది రాస్తే దాని కింద వేలిముద్ర వేసి వస్తుంది. లేనివాళ్లు, ఉన్నవాళ్లు అంటూ మీ అమ్మాయి అన్న మాటకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగానికి తర్వాత వద్దాం.

ఇప్పుడు కొత్త ఫిర్యాదు రాయండి. తేదీ, సమయం రాయండి. బస్సు టికెట్ మీది సమయం ఉంటే ఇంకా మంచిది. బస్‌స్టాపు నుంచి ఎన్ని అడుగుల దూరంలో, ఏ ఇంటి ముందు, ఏ దిక్కు నుంచి వచ్చి ఏ దిక్కుకు పోయారు. ఇద్దరిలో ఎవరు హెల్మెట్ పెట్టుకున్నారు, ఎవరేం మాట్లాడారు, బట్టల రంగు. చూడనిది చూసినట్టు రాయవద్దు. బైకు నంబరులో రెండంకెలే గుర్తుంటే ఆ రెండే రాసి 'మిగతావి గుర్తులేవు' అనండి. ఊహించి పూరించిన అంకె తప్పని తేలితే, రేపు కోర్టులో అవతలి లాయరు మీరు చెప్పిన నిజాలను కూడా దానితో కలిపి కొట్టేస్తాడు. గొలుసు బరువు గ్రాముల్లో (మూడు తులాలంటే ఇప్పటి లెక్కలో 30 గ్రాములు), అల్లిక రకం, పుస్తెలు ఎటు పోయాయి, నల్లపూసలున్నాయా, ఎంత భాగం మీ దగ్గర మిగిలింది అన్నీ చేర్చండి. ఫోను ఐఎంఈఐ నంబర్లు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలు) డబ్బా మీద, బిల్లు మీద ఉంటాయి. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు నంబర్లు, రెండూ ఇవ్వాలి. తోయడం, కిందపడడం, మెడ గాయం ఒక పేరాలో విడిగా రాయండి. చివర 'ఫలానా తేదీన నేనిచ్చిన కాగితంలో పోయినవి అని ఉంది. నిజానికి బలవంతంగా లాక్కున్నారు' అని స్పష్టంగా చెప్పండి.

గాయం గీత ఇంకా కనిపిస్తుంటే ఈరోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రాయించుకోండి. అప్పుడే ఎక్కడైనా కట్టు కట్టించుకొని ఉంటే ఆ చీటీ చాలా విలువైనది, దాచండి. మొదటి రోజుల్లో మెడకు తీసిన ఫొటోలు ఎవరి ఫోనులో ఉన్నా చెరిపేయవద్దు.

ఎఫ్‌ఐఆర్ కట్టాక ప్రతి ఉచితంగా ఇవ్వాలి. 'మా పరిధి కాదు' అన్నా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి పంపాల్సిన బాధ్యత వాళ్లదే. అసలు తీసుకోకపోతే ఫిర్యాదు సారాంశాన్ని రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి పంపండి. పోస్టాఫీసు రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. వాంగ్మూలం కోసం పదేపదే స్టేషనుకు రమ్మంటే, సాక్షిగా మహిళను తన ఇంటి దగ్గరే విచారించాలని సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతుందని గుర్తుచేయండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు తెలియజేయడం కూడా వాళ్ల విధి.

వీటన్నిటికంటే తొందర సీసీ కెమెరా ఫుటేజీది. రికార్డరులో చోటు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోతాయి. చిన్న దుకాణాల్లో పదిహేను రోజులకే చెరిగిపోవచ్చు. మీకు ఇప్పటికే తొమ్మిది గడిచాయి. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల ఫుటేజీ దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చెబుతోంది, కానీ మీ వీధి కిరాణా కొట్టు దాని కిందికి రాదు. దారి పొడవునా ఏ ఇంటికి, ఏ కొట్టుకు కెమెరా ఉందో చూసి ఆ జాబితా ఫిర్యాదుకు జతచేయండి. యజమానులను 'ఆ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా చెరిగిపోకుండా చూడండి' అని అడగండి. మీరే ఫోనుతో తెర మీది దృశ్యాన్ని వీడియో తీసుకుంటే అది జ్ఞాపకానికి పనికొస్తుంది గాని సాక్ష్యానికి చాలదు. అసలు రికార్డరు నుంచి, సర్టిఫికెటుతో పోలీసులే తీసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. 'వీళ్లేనా?' అంటూ ఎవరైనా వాట్సాప్‌లో అనుమానితుల ఫొటోలు పంపితే చూడవద్దు. ముందే ఫొటో చూసిన మనిషి తర్వాత గుర్తింపు పరేడ్‌లో గుర్తుపట్టినా దానికి విలువ ఉండదు.

ఇక 4,800 రూపాయలు. ఫోనుకు లాక్ ఉండి ఉంటే, అయినా డబ్బెలా పోయిందని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. వాళ్లకు మీ ఫోను తెరవాల్సిన పనే లేదు. సిమ్ బయటికి తీసి ఇంకో ఫోనులో వేస్తే మీ నంబరు వాళ్లదైపోతుంది. యూపీఐ యాప్ ఆ నంబరు నుంచి వెళ్లిన ఎస్సెమ్మెస్సునే ఆధారంగా తీసుకుంటుంది. కొత్త పిన్ పెట్టుకోవడానికి సాధారణంగా కావలసినవి ఏటీఎం కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఓటీపీ. ఓటీపీ సిమ్‌కే వస్తుంది, కార్డేమో కవరులోనే ఉంది. తాళం, చెవి, ఇంటి చిరునామా ఒకే సంచిలో పెట్టి ఇచ్చినట్టయింది. కొత్త ఫోనులో ఎక్కించిన మొదటి 24 గంటలు యూపీఐ సాధారణంగా 5,000 దాటనివ్వదు కాబట్టి అంతటితో ఆగింది.

ఆర్‌బీఐ 2017 జూలై 6 నాటి ఆదేశాల ప్రకారం, తప్పు మీదీ కాక బ్యాంకుదీ కానప్పుడు, మూడు పనిదినాల్లోపు చెబితే మీకు నష్టం సున్నా. చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. కార్డు కవరులో పెట్టడం మీ నిర్లక్ష్యమని బ్యాంకు వాదించవచ్చు. ఆ సంగతి నిరూపించాల్సిన భారం వాళ్లదేనని అదే ఆదేశంలో ఉంది. మీరు పిన్ ఎవరికీ చెప్పలేదు, దోపిడీకి గురయ్యారు. ఇక్కడ కూడా ఎఫ్‌ఐఆర్‌లోని ఆ ఒక్క మాటే మీకు పనికొస్తుంది. నోటిమాటగా చెప్పి ఉంటే ఫిర్యాదు నంబరు అడగండి, లేదంటే ఆ తేదీ ప్రస్తావిస్తూ ఇప్పుడు లిఖితంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. రుసుము లేదు.

ఫోనును సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో (ఫోన్ల కేంద్ర రిజిస్టరులో) బ్లాక్ చేయించండి. పోలీసులిచ్చిన కాగితం, బిల్లు, ఐఎంఈఐ, మీ గుర్తింపు కార్డు కావాలి. ముందు డూప్లికేట్ సిమ్ తీసుకోండి. బ్లాక్ అయిన ఫోను దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయదు, అయినా దాన్ని ఎవరు వాడబోయారో పోలీసులు కనిపెట్టడానికి అడ్డేమీ ఉండదు.

ఇలాంటిది ఇంట్లో ఇంకెవరికైనా జరిగితే మొదటి అరగంటలో చేయాల్సిన వరుస ఇది. పక్కవాళ్ల ఫోను తీసుకొని ముందు గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి పోయిన ఫోనుకు దూరం నుంచే లాక్ వేయాలి. సిమ్ ముందే ఆపేస్తే ఫోనుకు నెట్ పోయి ఆ ఆదేశం చేరదు. లాక్ పడ్డాక, లేదా రెండు నిమిషాల్లో పడకపోయినా, సిమ్ ఆపించాలి. తర్వాత బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. ఆ తర్వాతే స్టేషను. చేతిలో తెరిచి ఉన్న ఫోనును లాక్కుపోతే మాత్రం బ్యాంకు ముందు, మిగతావి తర్వాత. కొత్త సిమ్‌కు పిన్ లాక్ పెట్టుకోండి. ఫోను సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని ఉంటుంది. అప్పుడు దాన్ని వేరే ఫోనులో వేస్తే పిన్ అడుగుతుంది. కంపెనీ ఇచ్చిన తొలి పిన్ తెలియకుండా ఊహించి కొట్టవద్దు: మూడుసార్లు తప్పితే పీయూకే (సిమ్ తాళం తీసే ఇంకో సంఖ్య) అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ పనికిరాదు.

ఎదురు తిరగలేదని మీ అబ్బాయి నొచ్చుకోవడం అర్థమవుతుంది. కదిలే బైకుకు, మెడకు మధ్య గొలుసు ఉన్నప్పుడు పట్టు విడవకపోతే పోయేది గొలుసు కాదు. మీరు చేసింది సరి.

ఇక కాలనీ మాట. బైకు మీద వచ్చి లాక్కుపోవడానికి పేదరికం చాలదు. బండి కావాలి, నడపడంలో నేర్పు కావాలి, రెండు మూడు వైపులకు తప్పించుకునే రోడ్డు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా బిల్లు అడగకుండా బంగారం కొనేవాడు కావాలి. ఆ కొనేవాడు లేకపోతే పుస్తెలతాడు దొంగ చేతిలో వట్టి ఇబ్బంది. అతను నడిచే దారిలో ఉండే మనిషి కాదు, దుకాణమో కొలిమో ఉన్న మనిషి. దొంగ సొత్తని తెలిసి కొనడం న్యాయ సంహిత 317 కింద మూడేళ్ల దాకా శిక్షపడే నేరం. అదే అలవాటైన వ్యాపారమైతే పదేళ్లు, జీవిత ఖైదు దాకా కూడా పోవచ్చు. మీ సంఘం తీర్మానంలో అతని ప్రస్తావనే లేకపోవడం గమనించారా?

అసమానతకూ దోపిడీకీ సంబంధమే లేదనడం లేదు. 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆర్థికవేత్తలు ముగ్గురు దోపిడీల లెక్కలు 37 దేశాల నుంచి, హత్యల లెక్కలు 39 దేశాల నుంచి తీసి చూస్తే, ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఎడం పెరిగిన చోట రెండూ ఎక్కువగా కనిపించాయి. మన దేశంలో 2022-23లో జాతీయాదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మందికే చేరిందని ప్రపంచ అసమానతల ల్యాబ్ లెక్కగట్టింది. అదే ఏడాది ఇంటి ఖర్చుల సర్వే ఆధారంగా ప్రపంచ బ్యాంకు ఇచ్చిన గిని సూచీ (అసమానతను 0 నుంచి 100 దాకా కొలిచేది) మాత్రం 25.5, అంటే చాలా తక్కువ అసమానత. ఖర్చు కొలిస్తే ఒక దేశం, ఆదాయం కొలిస్తే ఇంకో దేశం కనిపిస్తుంది. సర్వే చేసేవాడికి గేటు తెరవని ఇళ్లే ఈ తేడాకు కొంత కారణం. కానీ ఈ అంకెలు దేశాల గురించి చెబుతాయి, మనుషుల గురించి కాదు. ఎడం ఎక్కువైన సమాజంలో దోపిడీలు పెరగవచ్చు. అంతమాత్రాన పక్క బస్తీలో ఫలానా కుర్రాడు దొంగ అని దాన్నుంచి తేలదు. వర్షం పడితే ప్రమాదాలు పెరుగుతాయని, గొడుగు పట్టుకున్నవాణ్ని పట్టుకోలేం కదా.

ఊరికి ఊరినే అనుమానించే పద్ధతి మన నేల మీద పాతదే. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేసి, ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ పేరు చెబితే జనం మొహం చిట్లించడం తర్వాత కూడా చాలా కాలం పోలేదు. 'ఏడు దాటాక బస్తీవాళ్లు రాకూడదు' అన్న మీ సంఘం తీర్మానం ఆ హాజరు పట్టీకి చిన్న తమ్ముడు. పైగా మున్సిపాలిటీ రోడ్డు మీద నడిచే మనిషిని ఆపే హక్కు కాలనీ సంఘానికి లేదు. అడ్డగిస్తే అది న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం, ఆపినవాడి మీదే కేసు అవుతుంది. ఎవరినైనా నేరం చేస్తుండగా పట్టుకుంటే ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి, కొట్టకూడదు. ఇది సంఘం కార్యదర్శికి రాసి ఇవ్వండి.

ఆ అబ్బాయి పేరు ఫిర్యాదులో రాయవద్దు. కొత్త బైకు సాక్ష్యం కాదు. కొద్దిపాటి ముందస్తు కట్టి వాయిదాల మీద బండి తెచ్చుకునేవాళ్లు ప్రతి బస్తీలోనూ ఉంటారు, డెలివరీ పనికి వెళ్లాలంటే బండే పెట్టుబడి. పోలీసులు అడిగితే 'నేను చూసిన మనిషి అతనని చెప్పలేను' అన్న నిజమే చెప్పండి. మీరు ఒక్క పేరు రాస్తే దర్యాప్తు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది: పేరు దొరికింది, ఇక కెమెరాలు వెతకడమెందుకు? ఆ అబ్బాయి రెండ్రోజులు స్టేషనులో కూర్చుంటే ఉద్యోగం పోతుంది, వాళ్లమ్మ మీ ఇంటికి మళ్లీ రాదు, అసలువాడు మీ గొలుసు అమ్ముకొని ఉంటాడు. ఆ కుటుంబాన్ని ఎవరైనా వేధిస్తే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100 చెప్పండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

మీ అమ్మాయికి. కేసు పెట్టకపోవడం పేదల పట్ల దయ కాదమ్మా. కారులో వచ్చి సెల్లారులో దిగేవాళ్లకు ఈ నేరం దాదాపు తగలదు. బస్సు దిగి నడిచేవాళ్లకు తగులుతుంది: మందుల షాపులో పనిచేసే అమ్మాయి, రెండో షిఫ్టు నర్సు, ఇళ్లలో అంట్లు తోమి తిరిగి వెళ్లే మనిషి. బస్తీ ఆడవాళ్ల మెడలోనూ పుస్తెలు ఉంటాయి, చాలాసార్లు ఆ ఇంటి మొత్తం పొదుపు ఆ గ్రాముల్లోనే ఉంటుంది. నెలకు 15,000 తెచ్చుకునే మనిషి దగ్గర 12,000 ఫోను లాగితే ఇంచుమించు నెల జీతం పోయినట్టు. కోర్టు వాయిదాకు రావాలంటే ఆమెకు ఆ రోజు కూలి కూడా పోతుంది. మీరు ఫిర్యాదు మానేస్తే ఆ వీధిలో నేరం జరగనట్టే రికార్డులో ఉంటుంది, రాత్రి గస్తీ ఇంకో వీధికి పోతుంది. రేపు ఆ నర్సు స్టేషనుకు వెళితే 'ఇక్కడ ఇలాంటివి లేవే' అంటారు. చదువు, బిల్లు, సెలవు పెట్టుకునే వీలు ఉన్న మనిషి ముందు కేసు పెట్టి దారి వేస్తే, అవి లేనివాళ్లు ఆ దారిన వస్తారు.

కఠిన శిక్షలు పెంచితే చాలనే వాదన కూడా మీ సంఘంలో వచ్చే ఉంటుంది. పాత ఐపీసీకి హర్యానా, గుజరాత్ సొంత సవరణలు చేసి గొలుసు దొంగతనాలకు పదేళ్ల దాకా శిక్ష పెట్టాయి. మన దగ్గర పీడీ యాక్ట్ కింద విచారణ లేకుండానే నిర్బంధించడం అలవాటైంది. 2024 మార్చిలో అలాంటి ఒక తెలంగాణ నిర్బంధాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది, గొలుసు దొంగతనాల కేసులు ఉన్నంత మాత్రాన 'ప్రజా వ్యవస్థ'కు (పబ్లిక్ ఆర్డర్‌కు) భంగం కాదని చెప్పింది. బైకు మీద వచ్చేవాడు సెక్షన్లు లెక్కపెట్టుకొని రాడు, దొరుకుతానా లేదా అని చూసుకొని వస్తాడు.

అందుకే సంఘం డబ్బు గేటు మీద కాక దీపాల మీద పెట్టించండి. న్యూయార్క్‌లో 2016లో కొన్ని ప్రభుత్వ గృహ సముదాయాలను చీటీ తీసినట్టు ఎంపికచేసి బలమైన దీపాలు పెడితే, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం దాకా తగ్గాయని పరిశోధకులు తేల్చారు. మన కాలనీలో అంత తగ్గుతుందని చెప్పలేం గాని, చీకటి రోడ్డు ఎవరికీ ఉపయోగపడదన్నది తేలిన సంగతే. బస్‌స్టాపు నుంచి కాలనీ దాకా స్తంభాల మీది నంబర్లు రాసుకొని, వెలగనివి గుర్తించి, మున్సిపాలిటీకి ఒకే ఫిర్యాదుగా ఇవ్వండి. 'మా వీధిలో లైట్లు లేవు' అంటే పట్టించుకోరు, 'ఫలానా మూడు స్తంభాలు వెలగడం లేదు' అంటే మనిషిని పంపుతారు. దీపాన్ని కప్పేసిన చెట్టుకొమ్మలు కూడా అందులో రాయండి. ఆ కాగితం మీద బస్తీవాళ్ల సంతకాలు కూడా తీసుకుంటే మంచిది, ఆ రోడ్డు మీద మీకంటే వాళ్లే ఎక్కువ నడుస్తారు.

మీవరకు: ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడివైపున నడవండి, సంచి గోడవైపు భుజానికి వేయండి. సంచి పట్టీ మెడకు అడ్డంగా వేసుకుంటే లాగినప్పుడు మనిషే ఈడ్చుకుపోతుంది. ఉద్యోగానికి వెళ్లే రోజుల్లో పుస్తెలను పసుపుతాడుకు కట్టుకోవడం మన అమ్మమ్మలకు తెలిసిన ఉపాయమే, ఆచారం కూడా ఒప్పుకుంటుంది. కార్డు ఫోను కవరులో పెట్టవద్దని మళ్లీ చెప్పనక్కర్లేదు.

చివరిగా ఆ గొలుసు ముక్క. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కంసాలికి ఇవ్వవద్దు, అతికించవద్దు, మార్చవద్దు, కనీసం సబ్బుతో కడగవద్దు. తెగిన లింకు చివర ఎలా సాగి ఉందో, అవతలి ముక్క చివర దానికి సరిపోవాలి. దొరికిన బంగారం మీదే అనడానికి దాన్ని మించిన ఆధారం లేదు. కాగితపు కవరులో పెట్టి, తేదీ వేసి, పోలీసులు పంచనామా రాసి అడిగితే రసీదు తీసుకొని ఇవ్వండి. కొన్నప్పటి బిల్లు వెతకండి. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్నదైతే దాని మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య, హెచ్‌యూఐడీ ఉంటుంది, ఒకవేళ ఆ ముద్ర మీ దగ్గర మిగిలిన ముక్క మీదే ఉంటే అదృష్టం. బిల్లు లేకపోతే పెళ్లి ఫొటోల్లో గొలుసు దగ్గరగా కనిపించేది ఒకటి తీసి పెట్టండి. అవతలి ముక్క కరిగించకముందే దొరికితే, కేసు తేలేదాకా అది స్టేషను బీరువాలో ఉండనక్కర్లేదు. సురక్షా సంహిత 497వ సెక్షన్ కింద కోర్టు దాని ఫొటోలు, వివరాలు 14 రోజుల్లో నమోదు చేసి, ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికివ్వాలో ఉత్తర్వు ఇవ్వాలి. మీరు పూచీకత్తు రాసి తెచ్చుకోవచ్చు, కానీ కేసు ముగిసేదాకా దాన్ని అమ్మకూడదు, కరిగించకూడదు. రెండు ముక్కలూ కలిపి కొత్తది చేయించుకోవడం ఆ తర్వాతి మాట.